నాయనమ్మ పొయ్యి, నా పొగగొట్టం

పోయినేడు మా ఊళ్ళో పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్తిల్లు మొదలుపెట్టాం. ఊరంటే రేపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. ఇల్లు లేచేదాకా అమ్మా నాన్నా నాయనమ్మా ఉండటానికి ఖాళీ స్థలంలో సరుగుడు గుంజలు పాతి, పైన లారీల మీద కప్పే కాన్వాసు పట్టా వేశారు. ముందు భాగంలో వంట, వెనక మంచాలు. గ్యాసు బండ ఉంది. కానీ మా నాయనమ్మకి స్నానాల నీళ్ళు కాచాలంటే కట్టెల పొయ్యే కావాలి. "నీళ్ళకి కూడా గ్యాసేంట్రా, డబ్బులెక్కువయ్యాయా?" అంటుంది. ఇంటికొకటి చొప్పున గ్యాసు ఇచ్చే దీపం పథకం 1999లో వచ్చింది, ఆవిడ పొయ్యి దానికంటే సీనియర్ :)

నేను శని, ఆదివారాలకి హైదరాబాదు నుంచి వెళ్ళేసరికి లోపలంతా పొగ. అమ్మ దగ్గు. బయట పెట్టుకోండంటే ఎండ, గాలి, వాన అని మూడు కారణాలు చెప్పారు. సరే, ఇంజనీరింగ్ చదివిందెందుకు, నేనే పొగగొట్టం పెడతానన్నాను. (నాది కంప్యూటర్స్ అనుకోండి. అయినా ఆత్మవిశ్వాసానికి బ్రాంచి ఉండదు కదా!)

తెనాలిలో రైలు దిగి రేకుల పని చేసే ఒకాయన దగ్గర నాలుగంగుళాల గొట్టం చేయించాను. ముందు జింకు పూత ఉన్న రేకు చూపించాడు. మెరుస్తోంది, తుప్పు పట్టదు, నాకు తెగ నచ్చేసింది. బాపట్లలో చదివినప్పటి నా రూమ్మేటు, మెకానికల్ వాడు, ఫోన్లో ఆపాడు. "రేయ్ మామా, జింకు 419 డిగ్రీలకి కరుగుతుంది. బాగా వేడెక్కితే దాని పొగ మనిషికి మంచిది కాదు. నల్ల ఇనప రేకు తీసుకో" అన్నాడు. తీసుకున్నా.

వాడే ఇంకో ప్రశ్న వేశాడు. "గొట్టానికీ పట్టాకీ మధ్య ఎంత ఖాళీ వదులుతున్నావ్?" నేను రెండంగుళాలు అన్నాను. వాడు నవ్వలేదు, తిట్టాడు. ఒంటి పొర గొట్టమైతే మండే వస్తువుకి కనీసం 18 అంగుళాల దూరం ఉండాలిట. కాన్వాసు నీళ్ళు దిగకుండా పట్టించే మైనం నిప్పుకి ఇంకా తోడవుతుంది. లెక్క వేస్తే 18, 4, 18 కలిపి 40 అంగుళాలు. అంత మేర పట్టా కోసేసి, నాలుగడుగుల చదరపు రేకు బిగించాం. రేకు నడుమ ఆరంగుళాల కన్నం, అందులోంచి నాలుగంగుళాల గొట్టం, వాన పడకుండా గొట్టానికే చుట్టూ చిన్న గొడుగు. గొట్టం ముక్కల్ని కలిపేటప్పుడు పై ముక్క మొన కింది ముక్క లోపలికి దిగాలి. అప్పుడు లోపల కారే మసి నీళ్ళు బయటికి రావు. చివర పైకప్పు కంటే మూడడుగులు ఎత్తు. ఇటుకలూ మట్టీ పెట్టి పొయ్యి మూసి కట్టి, వెనక గొట్టం తగిలించాం.

వెలిగించగానే పొగ బుద్ధిగా పైకి పోయింది. ఊళ్ళో వాళ్ళొచ్చి చూశారు. నేను గాల్లో ఉన్నాను. ఆ ఊపులోనే గొట్టంలో తిప్పుకునే మూత కూడా ఒకటి పెట్టించాను. కట్టెలు ఆదా అవుతాయని. ఎవరూ అడగని ఫీచరు.

అసలు విషయం ఇక్కడుంది. సెప్టెంబరులో అల్పపీడనం, మూడు రోజుల ముసురు. పట్టా అంచులన్నీ దించి ఇసక మూటలు పెట్టారు. రాత్రి నాయనమ్మ మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున్నకి ఉంటాయని ఆ మూత తిప్పేసి పడుకుంది. నివురు గప్పిన నిప్పు అంటే మనకి సామెత, ఆవిడకి అది అగ్గిపెట్టె ఖర్చు మిగల్చడం. తెల్లవారుజామున నాన్నకి తలనొప్పితో మెలకువొచ్చింది. నాయనమ్మని లేపితే లేవడం లేదు, లేచాక వాంతి. ముగ్గుర్లో ఒక్కరికి మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది. వానలోనే బయటికి తీసుకొచ్చి, ఆటోలో రేపల్లె తీసికెళితే డాక్టరు గారు ఆక్సిజన్ పెట్టి, మొదటి ప్రశ్నే "లోపల నిప్పులేమన్నా పెట్టుకున్నారా?" అని అడిగారట.

కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత కూర్చుని లెక్క వేశాను. మూడు మీటర్ల గొట్టంలో సగటున 150 డిగ్రీల వేడి, బయట 30 ఉంటే, గొట్టం లాగే బలం సుమారు 10 పాస్కల్స్. అంటే ఒక మిల్లీమీటరు నీటి ఒత్తిడి! నిప్పులు మాత్రమే మిగిలి గొట్టం 50 డిగ్రీలకి చల్లారితే అది 2 పాస్కల్సే. మంట ఉన్నప్పుడు అందరికీ కనపడుతుంది, గొట్టం కూడా బాగా లాగుతుంది. మంట పోయి బొగ్గులు మిగిలాక, విషవాయువు ఎక్కువయ్యే సమయానికి, గొట్టం నీరసపడుతుంది. దానికి తోడు నా మూత.

ఫోన్లో నాయనమ్మ మీద అరిచాను, ఎందుకు మూశావని. ఆవిడ నెమ్మదిగా, "మూయడానికి కాకపోతే మూత ఎందుకు పెట్టావురా?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసులో ఇలాంటివాటికి 'యూజర్ ఎర్రర్' అని రాసి టికెట్ మూసేస్తుంటాం. ఇక్కడ యూజరు మా నాయనమ్మ.

పొగలేని పొయ్యి మనకి కొత్తేం కాదు. 1953లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు గారు గొట్టం ఉన్న మట్టిపొయ్యి గురించి ఏకంగా పుస్తకం రాశారు. 1980లలో కేంద్రం దేశమంతా ఇలాంటి పొయ్యిలు పంచే పథకం పెట్టి 2002లో ఆపేసింది. కట్టడం అయింది కానీ మసి దులిపేదెవరు, పగిలితే మార్చేదెవరు అన్న దగ్గర చాలా పొయ్యిలు మూలపడ్డాయి. చదివినప్పుడు ప్రభుత్వాన్ని విమర్శించాలనిపించింది. కానీ నేను చేసిందేమిటి? ఆదివారం సాయంత్రం రైలెక్కేశాను, మూతని రాత్రిపూట ఎలా వాడతారో ఒక్కసారి కూడా చూడకుండా.

మర్నాడే వెళ్ళి మూత పీకేశాను. పట్టా అంచు ఒక పక్క కింద జానెడు, ఎదురు పక్క పైన జానెడు మూయడానికి వీల్లేకుండా వదిలాం. పడుకునే ముందు నిప్పులు బయటికి తీసి నీళ్ళు కొట్టడం నాన్న పని. పక్కన ఇసక బకెట్టు. మంచాల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం. బాగా ఎండిన సరుగుడు తప్ప పచ్చికట్టె పెట్టకూడదు, పదిహేను రోజులకోసారి గొట్టం దులపాలి.

అమెరికాలో ఉన్న మన ఫ్రెండ్సు చలికాలం క్యాంపింగుకి పొయ్యి ఉన్న టెంట్లు తీసుకెళుతున్నారు. అక్కడ పట్టాకి వేడి తట్టుకునే కన్నం ముందే కుట్టి వస్తుంది, కంపెనీవాడు 18 అంగుళాల గొడవ కొంత తగ్గిస్తాడు. కానీ బార్బెక్యూ బొగ్గులు చలికి టెంటులోకి తెచ్చుకోవద్దని మాత్రం వాళ్ళకి చెప్పండి. ఆరిపోయినట్టు కనిపించే నిప్పే ప్రమాదం.

గృహప్రవేశం అయింది. వంటింట్లో గ్యాసు స్టవ్వు. నాయనమ్మ మాత్రం పెరట్లో, ఆరుబయట, పొయ్యి వేయించుకుంది.

"గొట్టం పెట్టనా?" అన్నాను.

"పెట్టు. మూత మాత్రం వద్దు" అంది.