చేజారిన ఏకాండి వీణ

కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనస మానులోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి ఈ పనికి పేరుపడ్డ ఊరు. వీణకు 24 మెట్లు, వాయించడానికి 4 తీగలు, తాళానికి 3 తీగలు. 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో ఈ 24 మెట్ల పద్ధతి స్థిరపడిందంటారు.

ఇక తిరుపతి సంగతికొస్తే, అక్కడ టీటీడీ సంగీత నృత్య కళాశాల ఉంది కాబట్టి వీణ నేర్చుకునేవాళ్లకు కొదవలేదు. కానీ పాత ఏకాండి వీణ అమ్మకానికి రావడమే అరుదు. ఇంట్లో వాయించే పెద్దవాళ్లు పోయాకో, కుటుంబం ఊరు మారేటప్పుడో బయటికొస్తుంది. కబురు నోటిమాటగా పాకుతుంది. చీటీ డబ్బు చేతికొచ్చేదాకా ఆగితే, ఈలోగా ఇంకొకరు బయానా ఇచ్చేస్తారు.

పాత వీణను చూడగానే కొందరు వెనకాడేది మెట్ల దగ్గర. మైనం బీటలువారి, మెట్లు కదులుతూ, మీటితే తీగ జీరగా పలుకుతుంది. అది వీణను వదులుకునేంత లోపం కాదు. మైనం కరిగించి, శ్రుతి చూసుకుంటూ ఒక్కో మెట్టూ నిలబెట్టి మేళం మళ్లీ కట్టిస్తారు. అసలు చూడాల్సింది కుండకు నెర్రె ఉందా, దండి వంగిందా అన్నదే.

కొత్త వీణ ఎప్పుడైనా చేయించుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఆరి, వాయించి వాయించి పదునెక్కిన చెక్క నాదం వేరు. ఏ రెండు వీణలూ ఒకేలా పలకవు. అందుకే కోరుకున్న వీణ చేజారితే ఆ లోటు తీరదు. కబురు అందిన రోజే గురువును వెంటబెట్టుకుని వెళ్లి చూసి, నచ్చితే బయానా ఇచ్చి రావడమే మంచిది.