ఏ మంచు?

డర్బన్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి చలికాలం అంటే పెద్ద భయం ఉండదు. జూన్, జూలై నెలల్లో ఇక్కడ ఎండ హాయిగా ఉంటుంది. పగలు 22, 23 డిగ్రీలు. వాన తక్కువ. ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలు "ఇదేనా మీ చలికాలం?" అని నవ్వుతారు. అయినా మే నుంచి అక్టోబరు దాకా టీవీలో వాతావరణ సూచన వచ్చే వేళకి మా ఇంట్లో అందరూ మాటలు ఆపేస్తారు. మా అక్క కొడుకు లారీ నడుపుతాడు. డర్బన్ రేవులో సరుకు ఎక్కించుకుని ఎన్3 రోడ్డు మీద జోహానెస్‌బర్గ్ వెళ్తాడు. ఆ రోడ్డు వాన్ రీనెన్స్ కనుమ దగ్గర డ్రాకెన్స్‌బర్గ్ అంచు ఎక్కి ఫ్రీ స్టేట్‌లోకి దాటుతుంది. (కొండల మధ్య నుంచి పోయే దారిని తెలుగులో కనుమ అంటారు. సంక్రాంతి మర్నాడు వచ్చే కనుమ వేరు.)

మా పిన్నికి 84 ఏళ్ళు. ఇంట్లో తెలుగు తడుముకోకుండా మాట్లాడేది ఆవిడ ఒక్కతే. "కొండ మీద మంచు పడుతుందట పిన్నీ" అని ఎవరైనా చెబితే, ఆవిడ వెంటనే "ఏ మంచు?" అని అడుగుతుంది. పిల్లలకి నవ్వు వస్తుంది. నాకు మాత్రం అది సరైన ప్రశ్న అనిపిస్తుంది.

తెలుగులో మంచు అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. తెల్లవారి గడ్డి మీద కనిపించే నీటి చుక్కలు మంచు. ముందున్న దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే. అది పొగమంచు అని విడిగా చెప్పవచ్చు, కానీ మాటల్లో ఉత్త మంచు అనే అంటారు. పొలంలో ఆకుల మీద గడ్డకట్టేదీ మంచు, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచు. విశాఖ జిల్లా నుంచి, గంజాం నుంచి, చిత్తూరు వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చిన మన పెద్దలు ఆ చివరిదాన్ని తమ ఊళ్ళలో చూసి ఉండరు. ఇప్పటికీ "ఆంధ్రా కశ్మీర్" అని పేరు పడ్డ లంబసింగికి జనం మంచు చూడడానికి వెళ్తారు. వాళ్ళు ఎక్కువగా చూసేది పొగమంచునే. మన పక్కింటి జులూ వాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. పొగమంచు ఇన్‌కుంగు. నేల మీద గడ్డకట్టేది ఇసిత్వాత్వా. ఆకాశం నుంచి పడేదానికి నాలుకతో చప్పుడు చేసి పలికే వేరే మాట ఉంది. ఆ కొండల కింద తరతరాలుగా బతికినవాళ్ళకి ఆ తేడా కావాలి.

వాన్ రీనెన్స్ మీద లారీ నడిపేవాడికీ కావాలి. పొగమంచు అయితే దీపాలు వేసుకుని మెల్లగా పోవచ్చు. రాత్రి రోడ్డు మీద నీరు గడ్డకడితే ఎండ వచ్చేదాకా ఆగాలి. మూడోది అయితే ఇంటి నుంచి బయలుదేరనే కూడదు.

మన దగ్గర చలి ఎలా వస్తుందో చెబుతాను. దక్షిణ సముద్రం మీద నుంచి చల్లగాలి ముందు కేప్ టౌన్ చేరుతుంది. అక్కడ చలికాలమే వానాకాలం. సీరీస్ చుట్టూ ఉన్న కొండలు తెల్లబడతాయి. ఆ చల్లగాలి ఒకటి రెండు రోజుల్లో నటాల్ వైపు వస్తుంది. వచ్చే ముందు మనకి ఒక వింత జరుగుతుంది. జూలైలో ఒకరోజు ఉన్నట్టుండి 30 డిగ్రీలు దాటుతుంది. కొండల మీది గాలి సముద్రం వైపు దిగుతూ వేడెక్కుతుంది. ఇక్కడ దాన్ని బెర్గ్ విండ్ అంటారు. మా అవ్వ వడగాలి అనేది. ఆంధ్రలో వడగాలి మే నెలలో వస్తుంది, ఇక్కడ చలికాలం నడుమ వస్తుంది. ఊరు మారినా ఆవిడ మాట మార్చలేదు. వడగాలి రోజు చెరకు తోటలో నిప్పు అంటుకుంటే ఆపడం కష్టం, అందుకే తాత ఆ రోజుల్లో పొయ్యి దగ్గర కూడా జాగ్రత్తగా ఉండేవాడట. మర్నాడు గాలి నైరుతికి తిరుగుతుంది, స్వెటర్లు బయటికి వస్తాయి. అవ్వకి టీవీ లేదు. "ఇవాళ వడగాలి, రేపు చలి" అనేది. చాలాసార్లు నిజమయ్యేది.

కానీ ఆ లెక్కతో మంచు సంగతి తెలియదు. మామూలు చల్లగాలి తొందరగా దాటిపోతుంది, దానిలో తేమ తక్కువ. కొండల మీద పెద్ద మంచు పడాలంటే ఇంకొకటి కావాలి. వాతావరణ శాఖవాళ్ళు దాన్ని కటాఫ్ లో అంటారు. పైన ఎత్తులో పడమటి గాలుల ప్రవాహం నుంచి ఒక చల్లటి సుడి తెగిపోయి, మంద నుంచి తప్పిపోయిన దూడలా ఒకచోట తిరుగుతూ ఉంటుంది. అదే సమయంలో కింద హిందూ మహాసముద్రం నుంచి తడిగాలి నేల మీదికి వస్తుంది. ఆ తడిగాలి కొండ ఎక్కాలి. ఎక్కితే చల్లబడుతుంది, చల్లబడితే కురుస్తుంది. మన డర్బన్‌లో అది వాన. 1987 సెప్టెంబరు వరదలు, 400 మందికి పైగా చనిపోయిన 2022 ఏప్రిల్ వరదలు ఇలాంటి సుడి వల్లే వచ్చాయి. అలాంటిదే కొండ మీదికి చేరేసరికి, గాలి తగినంత చల్లగా ఉంటే, వాన కాకుండా మంచు అవుతుంది. ఇవి చలికాలం నడుమ కంటే దాని రెండు కొసల్లో, అంటే ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ఎక్కువగా వస్తాయి. అందుకే "సెప్టెంబరు వచ్చింది, చలి పోయింది" అనే మాట నాకు నచ్చదు.

ఇక ఎత్తు సంగతి. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. సున్నా డిగ్రీలు ఎంత ఎత్తులో ఉందో అదే అసలు లెక్క. ఆ గీత కంటే రెండు మూడు వందల మీటర్లు కింద దాకా మంచు కరగకుండా దిగగలదు. గీత 2,500 మీటర్ల దగ్గర ఉంటే సాని కనుమ పైన తెల్లబడుతుంది, వాన్ రీనెన్స్ మీద ఉత్త వాన. అది 1,800కి దిగితే రోడ్డు మూసుకోవచ్చు. పైగా బాగా కురిసినప్పుడు, రాలే మంచు కరుగుతూ గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. దానితో గీత ఇంకా దిగుతుంది. సూచన చెప్పేవాళ్ళ కష్టం అక్కడే ఉంది. వాళ్ళు 200 మీటర్ల అటూ ఇటూ చెబితే డర్బన్‌లో మనకి ఏ తేడా తెలియదు. రోడ్డు మీద ఉన్నవాడికి మాత్రం అది తడి రోడ్డుకీ, మూసుకున్న రోడ్డుకీ ఉన్న తేడా.

ఎన్3 మోసం కూడా చేస్తుంది. డర్బన్ నుంచి ఎక్కుతూ ఎక్కుతూ మూయి రివర్ దగ్గర దాదాపు 1,400 మీటర్లు చేరుతుంది. ఆ తర్వాత ఎస్ట్‌కోర్ట్ దాటి దిగుతుంది. లేడీస్మిత్ వైపు సుమారు వెయ్యి మీటర్లే. గట్టెక్కాం, ఉత్త వానే అనిపిస్తుంది. అసలు ఎక్కుడు ఇంకా ముందుంది.

2024 సెప్టెంబరు 20, శుక్రవారం. మంచు గురించి హెచ్చరిక ముందే వచ్చింది. మా అక్క కొడుకు చదివాడు, వాళ్ళ అమ్మకి చదివి వినిపించాడు. హెచ్చరికలకి పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగులు ఉంటాయి, పక్కన ఒక అంకె ఉంటుంది. వాన ఎంత, మంచు ఎంత అన్నది ఒక్కటే కాదు, దానివల్ల ఎంత నష్టం జరగవచ్చు, జరిగే అవకాశం ఎంత అన్నవి కలిపి ఆ అంకె వేస్తారు. బాగా ఆలోచించి పెట్టిన పద్ధతి. కానీ అతని యజమాని సరుకు శనివారం చేరాలన్నాడు. ఎర్ర రంగు లేదుగా, వెళ్ళు అన్నాడు. జీతం తీసుకునేవాడు రంగుల గురించి ఎంతసేపు వాదిస్తాడు?

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"పిన్నీ, వాడు కనుమ దాటాడు. అక్కడ మంచు పడుతోందట."

"ఏ మంచే?"

"తెల్లది పిన్నీ. పైనుంచి పడేది. చక్రాలు మునుగుతున్నాయట."

పిన్ని ఇంకేమీ అడగలేదు. దేవుడి గదిలో దీపం పెట్టి అక్కడే కూర్చుంది.

మర్నాటికి వాన్ రీనెన్స్, హారిస్మిత్, వార్డెన్ మధ్య రోడ్డు మూసుకుపోయింది. వందల వాహనాలు రాత్రంతా నిలిచిపోయాయి. కొన్నిచోట్ల మంచు రెండు మీటర్ల దాకా పేరుకుందని వార్తల్లో చెప్పారు. చలికి ప్రాణం పోయినవాళ్ళు కూడా ఉన్నారు. మావాడు లారీలో ఉన్నాడు. పక్క లారీ డ్రైవరు జులూ మనిషి, పెద్దవాడు, చలికాలాలు చాలా చూసినవాడు. ఇంజను పది నిమిషాలే నడపమన్నాడు, నడిపే ముందు దిగి పొగ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యమన్నాడు. గొట్టం మూసుకుంటే విషపు గాలి లోపలికి వస్తుంది. ఇద్దరూ ఒకే లారీలో ఒక దుప్పటి కప్పుకుని, అక్క కట్టిచ్చిన రొట్టె, బీన్స్ కూర తిన్నారు. శనివారం మధ్యాహ్నం దగ్గరలోని పొలం యజమాని ట్రాక్టరు తెచ్చి ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్ళాడు. రెండో రాత్రి ఆ ఇంట్లో పడుకున్నారు.

ఆ మాట విని మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 1891 చట్టం వల్ల భారతీయులు ఫ్రీ స్టేట్‌లో కాపురం ఉండకూడదు. ఆ నిషేధం 1986 దాకా పోలేదు. దాటిపోవచ్చు, ఆగకూడదు. నాన్న చిన్నప్పుడు జోహానెస్‌బర్గ్ ప్రయాణం అంటే అన్నం, నీళ్ళు, ఫ్లాస్కులో టీ, పెట్రోలు డబ్బా అన్నీ ఇంటి నుంచే. లేడీస్మిత్‌లో చుట్టాల ఇంటి దగ్గర ఆగి తాత కొండ వైపు చూసేవాడు. మబ్బు నచ్చకపోతే ఆ రాత్రి అక్కడే. "మంచులో చిక్కుకుంటే ఎవరి తలుపు తడతాం?" అనేవాడట. తాతకి ఆ కొండ వాతావరణం అంత బాగా తెలియడానికి కారణం సరదా కాదు.

"అక్కడ పడుకున్నాడా? వాళ్ళ ఇంట్లోనా?" అని నాన్న రెండుసార్లు అడిగాడు. పడుకున్నాడు, సూప్ కూడా తాగాడు, మాంసం ఉందేమో అని అడగలేదట అన్నాను. అప్పుడు నవ్వాడు.

మావాడు సోమవారం ఇల్లు చేరాడు. కాలి వేళ్ళు చాలా రోజులు తిమ్మిరిగా ఉన్నాయి. ఆ ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు వేరేచోట నడుపుతున్నాడు, అక్కడ హెచ్చరిక ఉన్న రోజు లారీలు లేడీస్మిత్ దాటవు.

పిన్ని మాత్రం మాట సంగతి వదల్లేదు. పిల్లలు "స్నో అంటే సరిపోతుంది కదా అమ్మమ్మా" అంటారు. ఆవిడ ఒప్పుకోదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన "హిమపాతం అనండి" అన్నాడు. "అది పుస్తకంలో మాట, ఫోన్లో ఏడుస్తూ చెప్పే మాట కాదు" అంది. ఇప్పుడు మా ఇంట్లో గడ్డి మీదిది నీటిమంచు. దారి మూసేది పొగమంచు. నేల మీద గడ్డకట్టేది గడ్డమంచు. పైనుంచి పడేది కొండమంచు. నిఘంటువులో ఉన్నాయా అని అడగకండి, పొగమంచు తప్ప మిగతావి పిన్నివే. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు వీటిని ఏమనేవారో తెలిస్తే పత్రికకి రాయండి, పిన్నికి చదివి వినిపిస్తాను.