మా యత్తగారి మోకాలు

ఇంటిలోని పెద్దల బాధ నిత్యము మన కంట బడుచునే యుండును. కాని దానిని విచారింపము. మా యత్తగారి మోకాలు నాకు నేర్పిన పాఠము మీకును బనికివచ్చునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది గిద్దలూరు దగ్గఱి పల్లె. ఈ ప్రాంతమున బెక్కుచోట్ల భూగర్భజలమునందు ఫ్లోరైడు హెచ్చు. అట్టి నీరు ఏండ్లతరబడి త్రాగినచో నెముకలును కీళ్లును బిగిసిపోవును. అందువలన మావా రే కీలు నొచ్చినను నీళ్లమీద నెపము వేసి యూరకుందురు. మా యత్తగారును పదేండ్లట్లే కుంటుచు నడచిరి. కడకు ఎక్సురే తీయింపగా, మోకాటిలోని మృదులాస్థి పూర్తిగా నరిగినదనియు, కీలు మార్పవలసినదనియు డాక్టరుగారు చెప్పిరి.

అత్తగారు భయపడిరి. "నాకు కోత వద్దమ్మాయీ. నా చెల్లెలు కాన్పులో నెత్తురు ఆగక నా చేతుల్లోనే పోయింది. ఆ నెత్తురు నేను మళ్లీ చూడలేను" అని కన్నీరు పెట్టుకొనిరి.

ఎట్లో నచ్చజెప్పి, గిద్దలూరులో రైలెక్కి, కంభము, మార్కాపురము మీదుగా గుంటూరు చేరితిమి. అచ్చటి మత్తుమందిచ్చు డాక్టరమ్మ ఆమె మాట యోపికగా వినెను. గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టి దానిని మూయును. ఆ గడ్డను గరగించు శక్తియు నెత్తురునందే కలదు. ట్రానెగ్జామిక్ ఆమ్లమను మందును గోతకు ముందే నరములోని కెక్కించినచో నా కరగుట తగ్గును. అందుచేత నిప్పుడు కీలు మార్పిడిలో నితరుల రక్తమెక్కించు నవసరము చాల తగ్గినదని యామె చెప్పెను.

ఈ మందును గనిపెట్టినవారిలో నొక స్త్రీ యుండుట విని మేము విస్మయపడితిమి. జపానుదేశపు వైద్యురాలు ఉటాకో ఒకమోటో, తన భర్త షోసుకేతో గూడి, కాన్పులలో రక్తస్రావముచే మరణించు తల్లులను గాపాడగోరి పరిశోధించి 1962లో దీనిని బ్రకటించెను. బిడ్డను వీపున గట్టుకొని ప్రయోగశాలలో పనిచేసెనట! 21 దేశములలో ఇరువదివేలమంది బాలింతలపై జరిపిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడెను. కాన్పైన మూడు గంటలలోపల నీ మందిచ్చినచో రక్తస్రావ మరణములు ఇంచుమించు మూడవవంతు తగ్గునని తేలెను. ఆ ఫలితము చూడకయే యామె 2016లో గన్నుమూసెను.

"మా చెల్లెలు పోయేనాటికి ఈ మందు ఉందా అమ్మా?" అని యత్తగా రడిగిరి. "పుట్టింది గాని, మీ పల్లెకు రాలేదమ్మా" అని డాక్టరమ్మ మెల్లగా బదులు చెప్పెను. అత్తగారు చాలసేపు మాటాడలేదు.

ఆ రాత్రి యామె కొంగుముడి విప్పి యొక పొట్లము నా చేతిలో బెట్టిరి. నొప్పి తగ్గుటకై యొక నాటువైద్యుడిచ్చిన మాత్రలవి, రెండేండ్లుగా మ్రింగుచున్నారట! "ఏమందులు వాడుచున్నారు?" అని యడిగినప్పు డేమియు లేదన్నారు. "మీకు ఖర్చని చెప్పలేదమ్మాయీ" అనిరి. ఆరునెలలకొకసారి యైన నడుగని నాకు దల వంగిపోయినది.

అవి స్టెరాయిడు మాత్రలు. కీలు మార్పిడినాడు వాపును, నొప్పిని, వాంతులను దగ్గించుటకు డెక్సామెథసోనను నీ జాతి మందునే వైద్యులును తగిన మోతాదున నిత్తురు. అదే యేండ్లతరబడి మ్రింగినచో నెముకలు గుల్లబారును. రక్తములో జక్కెర పెరుగును. గాయములు త్వరగా మానవు. దేహము తనంతట జేసికొనవలసిన రసమును జేయుట తగ్గించును. వైద్యున కెఱిగింపక హఠాత్తుగా మానినచో, శస్త్రచికిత్సవేళ రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము గలుగవచ్చును. ఆ పొట్లము బయటపడుటచే శస్త్రచికిత్స మూడు నెలలు వాయిదా పడెను. ప్రాణము మాత్రము దక్కెను.

తరువాత కీలు మార్చిరి. ఇతరుల రక్తమొక్క చుక్కయు నెక్కింపలేదు. మరునాడే కఱ్ఱల చట్రము పట్టుకొని నాలుగడుగులు వేసిరి.

కావున సోదరీమణులారా! మీ యింట నెవరికైన నిట్టి చికిత్స తటస్థించినచో, వాడు ప్రతి మాత్రను, పసరును వైద్యునకు జూపుడు. పూర్వము కాలినరములలో గాని ఊపిరితిత్తులలో గాని గడ్డకట్టినదా, మూర్ఛలున్నవా, మూత్రపిండముల జబ్బున్నదా, చక్కెరవ్యాధి యున్నదా యనునది దాచకుడు. అన్నిటికంటె ముందు, మీ యత్తగారి కొంగుముడిలో నేమున్నదో ప్రేమతో నడిగి తెలిసికొనుడు.