ఇరవై నోటు వెనకాల ఏముంది?

పర్సు తియ్యొద్దు. కొత్త ఇరవై రూపాయల నోటు వెనకవైపు ఏ బొమ్మ ఉందో చెప్పండి చూద్దాం. రంగు కాదండీ, బొమ్మ! పోనీ, యాభై మీద?

ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపి రాతిరథం. ఆ రథం ముందు ఫోటో దిగి, బయటికొచ్చి అదే రథమున్న కాగితమిచ్చి కొబ్బరిబోండం తాగే జనం మనం. నోటు మీద వరసగా పదిహేను భాషలుంటాయి కదా, అందులో తెలుగెక్కడ? కింది నుంచి రెండోది. తమిళం కింద, ఉర్దూ పైన. ఇంగ్లీషు అక్షరక్రమమే లెండి. అయినా తమిళం కింద మనల్ని పెట్టారని ఇన్నాళ్లూ ఎవరూ గొడవ చెయ్యలేదంటే, ఎవరూ చూడలేదనే నా అనుమానం.

ఈ జబ్బు మనొక్కరిదే కాదు. 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అమెరికాలో ఇరవైమందిని కూర్చోబెట్టి, వాళ్ల ఒక సెంటు నాణేన్ని గుర్తున్నంతవరకు గీయమన్నారు. దానిమీది లింకన్ తల ఎటు తిరిగి ఉందో, సంవత్సరం ఏ పక్కన ఉందో... ఎనిమిది వివరాల్లో చాలామందికి మూడు నాలుగు మించి తట్టలేదు. అన్నీ సరిగ్గా పెట్టింది ఒక్కరే. ఆ ఒక్కరికీ నాణేలు పోగేసే పిచ్చి.

మరి మన బుర్రకి బొమ్మలు గుర్తుండవా అంటే, భేషుగ్గా ఉంటాయి. 1973లో లయనెల్ స్టాండింగ్ అనే మనస్తత్వవేత్త కొందరికి పదివేల బొమ్మలు చూపించాడు, ఒక్కోటి అయిదేసి సెకన్లు. తర్వాత చూసినదాన్నీ చూడనిదాన్నీ పక్కపక్కన పెడితే, నూటికి ఎనభై పైగా సరిగ్గా పట్టుకున్నారు! అయితే అక్కడ అడిగింది ‘ఇది చూశావా’ అనే. ఏ మూల ఏముందని కాదు. అలవాటైన వస్తువు దగ్గర మనకి మిగిలేది కూడా ఆ ‘చూశాను’ ఒక్కటే. కండక్టరుకి నోటివ్వడానికి రంగు తెలిస్తే చాలు. ఎల్లోరాతో పనేముంది?

నోటు సంగతి సరదాకే అనుకోండి. 2012లో లాస్ ఏంజెలెస్‌లో ఒక యూనివర్సిటీ భవనంలో పనిచేసే యాభైనలుగురిని, దగ్గర్లో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఎక్కడుందని అడిగారు. రోజూ దాని పక్కనుంచే నడిచేవాళ్లు. చెప్పగలిగింది పదముగ్గురే. మీ ఆఫీసులో ఎక్కడుందంటారు?