టీపాట్ బేరము

ఆదివారము సాయంకాలము మా వసారాలో నలుగురైదుగురు మిత్రులు చేరుట చిరకాలపు వాడుక. స్త్రీల ఆస్తిహక్కును గూర్చియు, ఉద్యోగములను గూర్చియు మేము గంటలకొలది వాదించుకొందుము. ఆ వాదము సాగినంతసేపును నా భార్య వంటయింటనే యుండెడిది. మన యిండ్లలో టీ కాచుట యనగా నీరును, పాలును, ఆకును, చక్కెరయు నొక్క గిన్నెలో పోసి, పొంగినప్పుడెల్ల దింపుచు దానిచెంతనే నిలిచియుండుట. ఆలస్యముగ వచ్చినవానికి మరల నొక గిన్నె. ఒకనాడామె, "మీరు మాటాడుకొనునది నాకును వినవలెనని యున్నదండీ, గిన్నె విడిచి వచ్చుటకు లేదు" అన్నది. పదునెనిమిదేండ్ల కాపురములో నీ సంగతి నాకు తోచనేలేదు. మిక్కిలి సిగ్గుపడితిని.

సిగ్గుపడిన పురుషుడు వెంటనే యేదో యొకటి కొనును. టీపాట్ మన కొమ్ముచెంబునకు దూరపు చుట్టము. అందు ఆకుసారము తనంత తానే దిగును. పాత్రతోపాటు దానిని తెచ్చినవారును వసారాలో కూర్చుండవచ్చును. జార్జి ఆర్వెల్ 1946లో టీని గూర్చి వ్రాసిన వ్యాసమున పదునొకండు నియమములు చెప్పి, పాత్ర పింగాణిదో మట్టిదో కావలెననియు, వెండిది తగదనియు తేల్చినాడు. అది చదివియుండియు నేను, ఇంట నెవ్వరినడుగక, తళతళలాడు స్టీలు టీపాట్‌ను కొనితెచ్చితిని. పిడియు స్టీలే; పట్టుకొన్న చేయి చురుక్కుమన్నది. వంచగానే మూత జారి కప్పులో పడినది. కప్పులో పడినదానికన్న బల్లపై కారినదే హెచ్చు. "నీళ్లు పోసి చూచి కొంటిరా?" అని మాత్రమామె యడిగినది.

రెండవమారు ఇరువురము పోయితిమి. దుకాణదారుడు ప్రతి ప్రశ్నకును నా మొగము చూచియే బదులు చెప్పుచుండెను, ప్రశ్నలన్నియు నామెవి. ఆమె చెంబెడు నీళ్లడిగి యొక్కొక్కదానిని నింపి చూచినది. ఒకదాని కొమ్ముకొన పాత్ర యంచుకన్న దిగువనుండుటచే, నిండకమునుపే నీరు బయటికి కారినది. దానిని ప్రక్కకు త్రోసినది. మూతకు సన్నని రంధ్రమున్నదో లేదో చూచినది. లోనికి గాలి పోనిదే ధార నిలుకడగ రాదు. ధారను చటుక్కున ఆపి, చివరిచుక్క కొననే నిలుచునో క్రిందికి జారునో కనిపెట్టినది. పిమ్మట చేయి లోనికి దూర్చినది. కడుగవలసినవారట్లే చూతురు.

నేను నా చదువును వినిపింపకుండలేకపోతిని. చైనాలో 1391లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వూ టీబిళ్లల కప్పమును మాన్పి విడియాకునే పుచ్చుకొనెననియు, ఆకును నానవేయు టీపాట్‌లు ఆ పిమ్మటనే ప్రబలెననియు చెప్పితిని. యీషింగ్ మట్టిపాత్రలకు పూత లేనందున నవి వాసనను పీల్చుకొనుననియు, అందుచే నొక్కొక్కదానిలో నొకే జాతి టీని చేయుదురనియు వివరించితిని. ఆమె విని, "అయితే మనకు గాజుపూత యున్నదే మేలు. ఉదయము అల్లము, సాయంకాలము ఏలకులు వేయుదుము గదా" అన్నది. గోధుమవన్నె పూతగల దళసరి మట్టి టీపాట్‌ను కొంటిమి. వేడి చాలసేపు నిలుచును.

ఇప్పుడు దానిని ముందుగ వేడినీట తొలిచి, ఆకువేసి, మరుగునీరు పోయుదుము. పాలు వేరుగ కాగును. రుచి పరీక్షకై 1980లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము 100 మిల్లీలీటరుల నీటికి 2 గ్రాముల ఆకును, 6 నిమిషముల కాలమును విధించినది. మన సి.టి.సి. గుళికలకు 4 నిమిషములు చాలును; మించిన వగరెక్కును.

మరగకాచిన టీకుండు చిక్కదనము దీనికి లేదని యొప్పుకొనవలెను. మొదటి ఆదివారమే పెద్దవాడగు మిత్రుడొకడు కప్పు దించి, "పస లేదమ్మా. పూర్వపు టీయే యిప్పింపుము" అన్నాడు. నా భార్య కుర్చీనుండి కదలక, "గిన్నె అక్కడనే యున్నది, పొయ్యియు నున్నది. కాచుకొనండి, అన్నగారూ" అన్నది. వాదము ఆగిపోయినది. ఆయన నవ్వుచు లేచి వంటయింటికి నడచెను. సాయముగ నేనును వెంబడించితిని. గిన్నె దొరికినది. చక్కెర డబ్బా యెచ్చట నుండునో ఆయన నన్నడిగెను, నాకును తెలియలేదు.