కిందికి నొక్కితే ఏమవుతుంది?

నాకు గన్స్ అంటే పిచ్చేం లేదు. స్టేట్ మెషీన్స్ చదువుతున్నప్పుడు మంచి ఎగ్జాంపుల్ కోసం వెతుకుతూ పిస్టల్ సేఫ్టీల దగ్గర ఆగిపోయాను, అంతే.

సిజెడ్ 75 అని ఒక చెక్ పిస్టల్ ఉంది. అందులో బి, బిడి అని రెండు మోడల్స్. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. బొటనవేలు అందే చోట రెండింటికీ చిన్న లివర్. బి మోడల్‌లో అది సేఫ్టీ: పైకి తోస్తే లాక్, కిందికి నొక్కితే కాల్చడానికి రెడీ. బిడిలో అది డీకాకర్: కిందికి నొక్కితే, వెనక్కి లాగి ఉన్న హ్యామర్ బుల్లెట్ పేలకుండా కిందికి దిగిపోతుంది. వేలు తీయగానే లివర్ దాని చోటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత మొదటిసారి ట్రిగ్గర్‌ని ఎక్కువ దూరం, గట్టిగా లాగాలి. మన భాషలో చెప్పాలంటే ఒకటి స్విచ్, ఇంకోటి బటన్. స్విచ్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అని గుర్తుపెట్టుకోవాలి. బటన్‌తో ఆ బాధ లేదు.

బెరెట్టా 92 ఎఫ్‌ఎస్‌లో ఒకే లివర్ రెండు పనులూ చేస్తుంది. కిందికి నొక్కితే హ్యామర్ దిగుతుంది, సేఫ్టీ కూడా పడుతుంది. మన దేశంలో పోలీసులు వాడుతూ వచ్చిన ఇషాపూర్ 9 ఎంఎం పిస్టల్ 1935 నాటి బ్రౌనింగ్ డిజైన్. దానికి డీకాకర్ లేదు, కిందికి నొక్కడమంటే సేఫ్టీ తీయడమే. దానికి అలవాటైన వేలు బెరెట్టా పట్టుకుంటే? కదలిక అదే, అర్థం పూర్తిగా రివర్స్! గ్లాక్ వాళ్ళు 1980లలో ఈ గొడవే వద్దని లివర్ తీసేశారు. మూడు సేఫ్టీలు వాటంతట అవే పనిచేస్తాయి, ట్రిగ్గర్ లాగితేనే విడిపోతాయి. అంటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడమే అసలు సేఫ్టీ.

మాది జీడిమెట్ల. మా గల్లీలో పిస్టల్ పట్టుకున్నవాళ్ళు లేరు గానీ, పవర్ ప్రెస్ తెలియని ఇల్లు లేదు. మా బాబాయ్ ఒక చిన్న షెడ్డులో పెడల్ ప్రెస్ మీద పనిచేసేటప్పుడు చూపుడువేలు పై కణుపు పోయింది. చెయ్యి డైలో ఉండగానే కాలు పెడల్ మీద పడింది. ఇప్పుడు చేస్తున్న చోట రెండు చేతుల బటన్లున్నాయి. "రెండు చేతులు బటన్ల మీదుంటే డైల చెయ్యెట్లుంటది రా?" అంటాడు.

పీస్ రేటు కోసం ఒక బటన్‌కి టేప్ చుట్టేసేవాళ్ళూ ఉంటారట. అందుకే మంచి కంట్రోల్‌లో రెండు బటన్లూ దాదాపు అర సెకను తేడాలో నొక్కాలి, మళ్ళీ నొక్కే ముందు రెండూ వదలాలి. టేప్ వేస్తే మెషీన్ కదలదు. ఆ షరతు రాసినవాళ్ళు మనిషి అలసిపోతాడని, తొందరపడతాడని, దొంగదారి వెతుకుతాడని ముందే లెక్కేసుకున్నారు.

మనం మాత్రం ఏది డిలీట్ చేసినా "ఆర్ యూ ష్యూర్?" అని ఒక బాక్స్ పెట్టి చేతులు దులిపేసుకుంటాం. చదవకుండానే ఓకే నొక్కేస్తారని మనకి తెలుసు, ఎందుకంటే మనమూ అంతే. రేపు ఏ హాస్పిటల్ మెషీన్‌కో, లిఫ్ట్‌కో కోడ్ రాసేది మనలో ఒకరే. అప్పుడు యూజర్ జాగ్రత్తగా ఉంటాడులే అనుకోకుండా, బాబాయ్ లాంటి మనిషి నైట్ షిఫ్ట్ చివరి గంటలో ఉన్నాడనుకొని రాద్దాం.