పుట్ట లేని గొడుగులు

వీధికో ట్యుటోరియల్ కాలేజీ వెలిసినా, సందుకో చీట్ల కంపెనీ లేచినా "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని రాసెయ్యడం మన పత్రికలవాళ్ళకు అలవాటు. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనక నేనూ ఆ నానుడిని ఏటేటా పిల్లలకు వల్లె వేయిస్తూనే వచ్చాను. మొన్నటి శీతకాలం మా ఇంటి మెట్ల కింద పుట్టగొడుగులు పెంచిన తరవాత గాని నాకు తెలిసిరాలేదు, ఆ మాట పుట్టించినవాడెవడో అవి లేచిన తెల్లవారుజామును చూశాడే తప్ప, అంతకు ముందు గడిచిన మూడు వారాల సంగతి ఎరగడని.

ఈ వ్యవహారంలోకి నన్ను దింపింది మా అక్కయ్య. ఆవిడది గురజాల, మేము నరసరావుపేటలో వుంటాం. అరవై దాటిన మనిషి. పన్నెండేళ్ళ నుంచీ చక్కెర జబ్బు. పొద్దున రెండు, రాత్రి ఒకటి మాత్రలు మింగడమంటే మహా విసుగు. కార్తీకమాసంలో ఒకనాడు ఫోను చేసి, "ఒరే తమ్ముడూ, ఎర్ర పుట్టగొడుగంట, లక్క పూసినట్టు నిగనిగలాడతా వుంది. దాని కషాయం తాగితే సుగరు దిగిపోద్దంట. ఇంట్లోనే పెంచుకునే కిట్లు అమ్ముతున్నారంట. నాకొకటి తెప్పించరా" అంది. ఎవరో ఆమె ఫోనుకు ఒక బొమ్మా, ఆ బొమ్మ కింద అది కుదిర్చే రోగాల జాబితా పంపారు. నేను చదివింది తెలుగు ఎం.ఏ. గాని వైద్యం కాదని అనబోయి వూరుకున్నాను. చిన్నప్పుడు చంకనెత్తుకు మోసిన అక్క అడిగితే కాదనడం ఎట్లా? రెండు కిట్లు తెప్పించాను. ఎర్రది ఆవిడకు, కూరకు పనికొచ్చే ముత్యపుచిప్ప రకం మాకు.

కొరియరు మనిషి ఇచ్చిపోయిన పెట్టె విప్పి చూసి మా ఆవిడ, "ఏమండీ, ఇంట్లో వున్న బూజు దులపలేక నేను చస్తుంటే మీరు డబ్బిచ్చి బూజు కొన్నారా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ పొట్లంలో వున్నవి ఉడికించిన జొన్నలు. వాటి మీద శిలీంధ్రపు తెల్లని పోగులు అల్లుకుని వున్నాయి. పుట్టగొడుగుకు అదే విత్తనం. పలనాడు వచ్చి జొన్నకూడు తినలేక శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెప్పుకుంటాం గదా. ఆ మహాకవి కాదన్న జొన్నలను ఇది ఎంత ఇష్టంగా పట్టుకుందో చూడమని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్వలేదు.

పద్ధతి చెప్పడానికి సులువే. వరిగడ్డిని అంగుళం, అంగుళమున్నర ముక్కలుగా కత్తిరించి, రాత్రంతా నానవేసి, పొద్దున వేడినీళ్ళలో అరగంట ఉడకవేసి, చల్లార్చి నీడన ఆరబెట్టాలి. గుప్పిట పట్టి పిండితే చెయ్యి తడవాలి గాని నీటిచుక్క రాలకూడదు. ఆ తరవాత పాలిథిన్ సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం, మళ్ళీ గడ్డి, మళ్ళీ విత్తనం నింపి, మూతి కట్టి, అక్కడక్కడ బెజ్జాలు పొడిచి చీకట్లో పెట్టాలి. సాగరు కుడికాలువ వచ్చిన తరవాత మా వైపు వరిగడ్డికి కొదవ లేదు. కొదవల్లా నా ఓపికకే. గడ్డి ఉడకబెట్టడానికి బద్ధకించి, గీజరు నీళ్ళు రెండు బక్కెట్లు కుమ్మరించి సరిపెట్టాను. పదోనాటికి సంచిలో పచ్చమరకలు కనిపించాయి. మరి రెండు రోజులకు సంచి సగం పసరు పూసినట్టయింది. అది వేరే జాతి బూజు. సరిగా ఉడకని గడ్డిలో ముందే కాపరం పెట్టి వుంటుంది; మన శిలీంధ్రం కళ్ళు తెరిచేలోగా ఇల్లంతా ఆక్రమిస్తుంది. ఆ సంచిని స్కూటరు మీద పెట్టుకుపోయి వూరి బయట పారవేసి వచ్చాను.

రెండో సంచికి మా ఆవిడే కొంగు బిగించింది. బూజు అని వెక్కిరించిన మనిషే గంగాళంలో గడ్డి ఉడికించి, మెట్ల కింద తడి గోనెపట్టాలు కట్టి, పూటకు రెండుసార్లు వాటి మీద నీళ్ళు చిలకరించింది. వారం తిరిగేసరికి గడ్డి మీద సన్నని వెన్నెల పరుచుకున్నట్టు తెలుపు పాకింది.

ఆ రోజుల్లోనే సంస్కృతం చెప్పే మిత్రుడొకాయన పరామర్శకు వచ్చాడు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో వెల్లుల్లితోనూ నీరుల్లితోనూ జతచేసి పుట్టగొడుగులను కూడా నిషేధించారని జ్ఞాపకం చేశాడు. మనువు వద్దన్నదాన్నే మేఘసందేశంలో కాళిదాసు ఎంత ముద్దుగా తలచుకున్నాడో చూడండి అన్నాను నేను. మేఘగర్జన విని భూమి శిలీంధ్రాలు తొడుగుతుందని కవి భావన. మా పల్లెల్లో కాళిదాసును చదవని ముసలమ్మలు కూడా ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయనే అంటారు.

మాచర్ల దగ్గర మా అమ్మమ్మగారి వూళ్ళో తొలకరి వానలు పడగానే ఆవిడ మమ్మల్ని వెంటబెట్టుకుని చెలకల్లో పుట్టల దగ్గరకు వెళ్ళేది. గొడుగు పట్టుకు లాగనిచ్చేది కాదు. పక్కన మట్టి తవ్వుతూ పోతే కాడ లోతుకు, ఇంకా లోతుకు దిగేది. అది ఎక్కడ ఆగుతుందో నాకు ఈ మధ్యనే తెలిసింది. చెదపురుగులు ఎండుటాకులూ పుల్లలూ మోసుకుపోయి, నమిలి, పుట్ట లోపల స్పంజిలాంటి మడులు కట్టి వాటి మీద శిలీంధ్రాన్ని సాగు చేస్తాయట. మనిషి నాగలి పట్టకముందు నుంచీ సాగుతున్న సేద్యం అది. ఆ మడిలోంచి లేచేదే అసలైన పుట్టగొడుగు. పుట్ట లేకుండా దాన్ని పంటగా పండించడం మనవాళ్ళకు ఇంకా పట్టుబడలేదు. కనక నా సంచిలో లేచేవాటిని పుట్టగొడుగులనడం భాషరీత్యా దొంగమాటే! అమ్మమ్మ తనకు ఎరికైన పుట్టల దగ్గర తప్ప మరోచోట దొరికినదాన్ని ముట్టనిచ్చేది కాదు. "తెలవనిదల్లా కుక్కగొడుగే" అనేది. కొన్నిటి విషం ఎంత ఉడికించినా పోదు; రంగును బట్టి, వాసనను బట్టి పోల్చుకోవడం కుదరదు. ఆవిడ పద్ధతే శాస్త్రసమ్మతం.

సంక్రాంతి వెళ్ళిన నాలుగో నాడు మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. పేటకు తీసుకొస్తున్నాం." ఆసుపత్రిలో చూస్తే చక్కెర 400 దాటి వుంది. ఆరా తీస్తే సంగతి బయటపడింది. ఎర్రది ఎదగడానికి నెలలు పడుతుందని, అమ్మేవాళ్ళే దాని పొడి డబ్బా కూడా అంటగట్టారు. ధనుర్మాసం పెట్టినప్పటి నుంచీ అక్కయ్య పొడి తాగుతోంది, మాత్రలు మానేసింది.

"నాకు ఒక్క మాట చెప్పవద్దా అక్కా?" అన్నాను.

"నువ్వే తెప్పించావు గదరా. మంచిది గాకపోతే నువ్వెందుకు తెప్పిస్తావులే అనుకున్నా" అంది, సెలైను ఎక్కుతున్న చెయ్యి కదపకుండా.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇన్నేళ్ళుగా క్లాసులో ఒక పద్యానికి అర్థం చెప్పాలన్నా నాలుగు వ్యాఖ్యానాలు తిరగేసి గాని నోరు విప్పను. అక్క ప్రాణం మీదికి వచ్చే విషయంలో మాత్రం ఒక్క పుస్తకం విప్పి చూడలేదు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూచుని చదివాను. దాని పేరు గానోడెర్మా. జపానువాళ్ళు రేయిషి అంటారు. చైనాలో తరతరాలుగా దానికి గొప్ప పేరు. అయితే 2015లో కోక్రేన్ సంస్థవారు అప్పటివరకూ జరిగిన పరీక్షలను వడబోసి, చక్కెర జబ్బువాళ్ళలో అది చక్కెరను గాని రక్తపోటును గాని కొలెస్టరాలును గాని తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని తేల్చారు. ఆ జాతిదే మరొకటి కోనసీమ కొబ్బరిచెట్ల వేళ్ళు పట్టి, మొదట్లో బంక కార్పించి చంపుతోందని రైతులు మొత్తుకుంటున్నారు. ఒకచోట తెగులు, ఒకచోట సంజీవని!

మూడో రాత్రికి చక్కెర అదుపులోకి వచ్చింది. డాక్టరుగారు, "కూరగా పుట్టగొడుగు తినండమ్మా, నేను కాదనను. మాత్ర మాత్రం మానొద్దు" అన్నారు. తెల్లవారుజామున అయిదింటికి ఇంటికి వస్తే మా ఆవిడ టార్చిలైటు పట్టుకుని మెట్ల దగ్గరే నుంచుని వుంది. "చూడండి" అంది. రాత్రి గుండుసూది తలల్లా వున్నవి, బెజ్జాలన్నిట్లోంచీ గుత్తులు గుత్తులుగా, ఒకదాని మీద ఒకటి చిప్పలు పేర్చినట్టు విచ్చుకుంటున్నాయి. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. నిద్ర లేక కాబోలు.

మర్నాటికి చేతికి వచ్చాయి. అంచులు ముడుచుకోక ముందే కొయ్యాలి. ముదిరితే కంటికి ఆనని పొడి రాల్చి, మూసిన గదిలో దగ్గు తెప్పిస్తాయి. తూస్తే అరకిలో. అందులో 100కి 90 పాళ్ళు నీళ్ళేనని మూకుడులో వేశాక తెలిసింది. ఉల్లిపాయలు, మా పలనాటి మిరపకారం, చివర్లో కొత్తిమీర. ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే తెచ్చుకున్న అక్కయ్య జొన్నరొట్టెతో తింటూ, "ఇది దేనికి మంచిదిరా?" అని అడిగింది.

"అన్నంలోకి" అన్నాను.

మాత్రల డబ్బా ఇప్పుడు మేనల్లుడి చేతిలో వుంది. లెక్క చూసి ఇస్తాడు. ఎర్ర కిట్టును అక్కయ్యే నాకు పంపించేసింది. చెక్కతో చేసినట్టున్న ఆ గొడుగు నా బీరువాలో శబ్దరత్నాకరం పక్కన కూచుంది. చూసినవాళ్ళు కొండపల్లి బొమ్మా అని అడుగుతున్నారు.

ఎండలు ముదిరాయి. రెంటచింతల ఎండ మాకూ కూతవేటే, ముత్యపుచిప్పలు ఇహ లేవవు. వేడికి ఓర్చే పాలపుట్టగొడుగు, 1974లో బెంగాలు శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన రకం, మా వూరికి పనికొస్తుందట. దానికి సంచి సగంలో మట్టిపొర కూడా కప్పాలి. మొన్న అక్కయ్య ఫోను చేసి, "ఆ తెల్లవి మళ్ళీ ఎప్పుడురా?" అంది. విత్తనానికి చెప్పి వుంచాను. మా ఆవిడ గంగాళం తోమిపెట్టింది.